ప్రెసిడెంటు గారు తాగిన గ్లాసు

మా కాలనీ మంచినీళ్ళ ప్లాంటు గోడకి మూడు శిలాఫలకాలున్నాయి. ఒకటి ప్లాంటు కట్టించిన ప్రెసిడెంటు పేరుతో, ఇంకొకటి దానికి రేకుల కప్పు వేయించిన ప్రెసిడెంటు పేరుతో, మూడోది గోడలకి రంగులేయించిన ప్రెసిడెంటు పేరుతో. వీళ్ళంతా ఊళ్ళోని సేవా క్లబ్బు వాళ్ళు, ఆ క్లబ్బులో ప్రెసిడెంటు పదవి ఏడాదే. ఆ ఏడాదిలోనే ఏదో ఒకటి కట్టాలి, రిబ్బన్ కత్తిరించాలి, రాయి మీద పేరెక్కాలి. ముందాయన పెట్టినదాన్ని బాగుచేయిస్తే ఆ పేరు ముందాయనకే పోతుందని వాళ్ళ బెంగ. లోపలి ఫిల్టరు మార్పించి రాయి వేయించుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. ఫిల్టరు ఫొటోలో పడదు కదా!

నా కుట్టుమిషను ఆ ప్లాంటుకి ఎదురుగానే ఉంటుంది. జరిగింది చాలావరకు అక్కడ కూర్చునే చూశాను.

ప్లాంటు తాళాలు ఒకామె దగ్గర ఉండేవి. అసలు పేరు అందరూ మరిచిపోయి ప్లాంటమ్మ అనే పిలిచేవాళ్ళం. మా బోరు నీళ్ళలో ఉన్న చెడు కంటికి కనపడదు, నాలుక్కి తెలియదు. ఏళ్ళ తరబడి తాగితే కిడ్నీల్ని తినేస్తుంది. ప్లాంటమ్మ భర్త ఆ జబ్బుతోనే పోయాడు. వాళ్ళ పాపకి కూడా కొంత దెబ్బ తగిలిందని పరీక్షల్లో తేలింది. "ఇక బోరు నీళ్ళు చుక్క కూడా వద్దు. మంచి నీళ్ళు తాగిస్తే పిల్ల నెగ్గుకొస్తుంది" అన్నాడు డాక్టరు. పిల్లని నాయనమ్మ పిచ్చుక అని పిలుస్తుంది, తిండి అలా ఏరుకుని తింటుందని. ఆ పిచ్చుక కోసమే ప్లాంటమ్మ ఆ పని పట్టుకుంది. జీతం పేరుకే. మంచి నీళ్ళ పక్కనే ఉండొచ్చన్నదే ఆమెకి ముఖ్యం.

మొదట్లో ప్లాంటు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు ప్లాంటమ్మ నీళ్ళు కాచుకునే గిన్నె పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. గిన్నె అడుగున తెల్లటి పొర. బోరు నీళ్ళు కాస్తే పడేది అచ్చం అదే.

"ఫిల్టరు పోయిందే. ఇది ప్లాంటు నీళ్ళు కాదు, బోరు నీళ్ళే. ప్లాంటులోంచి వస్తున్నాయంతే" అంది.

క్లబ్బు సెక్రటరీకి చెప్పింది. "చూద్దామమ్మా" అన్నాడు. మళ్ళీ వెళ్ళింది. "ఈ ఏడాది బడ్జెట్ అయిపోయింది, వచ్చే ప్రెసిడెంటు గారు చూస్తారు" అన్నాడు. ఆ వచ్చే ప్రెసిడెంటు రేకుల కప్పు వేయించి చేతులు దులుపుకున్నాడు. రేకుల కింద ప్లాంటు చల్లగా పాడైపోయింది.

ప్లాంటమ్మ మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది, ఈ నీళ్ళు తాగొద్దని. కొందరు విన్నారు. కొందరు, "మరి ఏం తాగమంటావు, గాలా?" అని ఆమె మీదే విసుక్కున్నారు. పిచ్చుకకి మాత్రం ఆమె రైలు పట్టాలు దాటి, పెద్దాసుపత్రి కుళాయి నుంచి రోజూ తెల్లవారగానే ఒక బిందె మోసుకొచ్చేది. వర్షమొచ్చినా, జ్వరమొచ్చినా ఆ బిందె ఆగలేదు. పిల్ల కోలుకుంది. బుగ్గలు కూడా వచ్చాయి. "దీని బుగ్గలకి తొడుగు కుట్టాలంటే బట్ట సరిపోదు" అని నేను ఏడిపిస్తే కిలకిలా నవ్వేది.

మూడో ప్రెసిడెంటు టైల్స్ షాపాయన. చెడ్డవాడని అనలేను. అంటే తేలికగా ఉండేది, ఒకణ్ణి తిట్టుకుని పడుకునేదాన్ని. స్వచ్ఛమైన నీటి కోసం నడక అని పెట్టి ఊరంతా తిప్పాడు. నీలం బనియన్లు, నీలం బెలూన్లు, విరాళాల డబ్బాలు. స్కూలు పిల్లల చేత నినాదాలు. ఆయన కూడా ఎండలో చెమటలు కక్కుకుంటూ ముందు నడిచాడు. ప్లాంటు మొత్తం బాగుచేయించమని సెక్రటరీకి అప్పగించాడు. సెక్రటరీ గోడలకి రంగులేయించి, కొత్త కుళాయిలు బిగించి, "అంతా అయిపోయింది సార్" అని చెప్పాడు. ప్రెసిడెంటు నమ్మాడు. కొత్త రంగు చూస్తే ఎవరైనా నమ్ముతారు.

ప్రారంభోత్సవం ముందురోజు సెక్రటరీ ప్లాంటమ్మ దగ్గరికొచ్చాడు. "మొదటి గ్లాసు మీ పాప తాగాలి. అందరికీ తెలిసిన పిల్ల కదా, వాళ్ళ నాన్న ఆ జబ్బుతో పోయాడని చెబితే జనానికి మనసు కరుగుతుంది."

"ఫిల్టరు మార్చారా సార్?"

"అన్నీ చూశాం. నువ్వు పాపకి మంచి గౌను వెయ్యి చాలు."

ఆ గౌను నేనే కుట్టాను. ప్లాంటమ్మ కుట్టమనలేదు, నాయనమ్మ వచ్చి అడిగింది. "పిల్ల స్టేజీ ఎక్కితే తప్పేంటి? మన బతుకులో ఇంకెప్పుడు ఎక్కుతుంది?" అంది ముసలావిడ. నాకు కాదనాలనిపించలేదు.

మర్నాడు కుర్చీలు, మైకు, కెమెరాలు. స్టేజీ మీద పెద్దలందరి ముందూ సీసా నీళ్ళున్నాయి. ప్రెసిడెంటు కుళాయి తిప్పి, గాజు గ్లాసు నింపి, నవ్వుతూ పిచ్చుకకి అందించాడు. పిల్ల చెయ్యి చాపింది. అంతలో ప్లాంటమ్మ మెట్లెక్కి గ్లాసు లాక్కుంది.

"పాప తాగదు సార్."

"అదేంటమ్మా?"

"దీని ఫిల్టరు మార్చలేదు. నిన్న రాత్రి నేనే మూత తీసి చూశాను. అంత మంచి నీళ్ళయితే ముందు మీరు తాగండి."

మైకులో ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. సెక్రటరీ ముఖం మాడిపోయింది. నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. ఇవాళ దొరికారు వీళ్ళు అనుకున్నాను. ఆ సీసాలు పక్కన పెట్టి ఈ నీళ్ళు ఎలా తాగుతారో చూద్దామనుకున్నాను.

ప్రెసిడెంటు ఆమె వంక చూశాడు. తర్వాత చెయ్యి చాపి, "ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. కళ్ళు మూసుకోలేదు, ముఖం చిట్లించలేదు. ఇంకో గ్లాసు పట్టి అదీ తాగాడు. "నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. రేపు పొద్దున్న వచ్చి మళ్ళీ తాగుతాను. మీరే చూడండి నాకేమైనా అవుతుందేమో" అన్నాడు.

ఇక చప్పట్లు! కుర్చీల్లోంచి లేచి మరీ కొట్టారు. ప్లాంటమ్మ ఏదో అరుస్తోంది. మైకు అప్పటికే కట్టేశారు. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. "ఒక్క గ్లాసుతో ఏమీ కాదు! రోజూ తాగితేనే అవుతుంది! ఒక్క గ్లాసుతో ఎవరికీ ఏమీ కాదు!" ఆ మాట చప్పట్లలో కొట్టుకుపోయింది.

ఆయన చెప్పినట్టే మర్నాడు వచ్చాడు. బూట్లేసుకుని, నడకకి వెళ్తూ, నిక్షేపంలా ఉన్నాడు. అందరి ముందూ మళ్ళీ తాగి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నానికి ప్లాంటు ముందు బిందెలు బారులు తీరాయి. ఎన్నాళ్ళనుంచో ఆ నీళ్ళు మానేసినవాళ్ళు కూడా వచ్చారు. నేనూ పట్టుకున్నాను. ఆశకి సాక్ష్యం దొరికితే మనిషి ఆగుతాడా?

ప్లాంటమ్మ చేతిలోంచి తాళాలు తీసేసుకున్నారు. పేరు మాత్రం పోలేదు, అదే ఎక్కువ బాధ. ఊరికి ఆ చివర ఒక ఆఫీసు క్యాంటీన్లో గిన్నెలు తోమే పని దొరికింది. చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. ఇక ఆసుపత్రి బిందె అత్తగారి మీద పడింది.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను, బిందె మాత్రం మానకు. నిండా తేలేకపోతే సగమే తీసుకురా. దానికి చాలు" అని బతిమాలుకుంది.

"నాకు చెప్పాలా? అది నా మనవరాలు కాదా?" అంది ఆవిడ. వంటింట్లో పిచ్చుక బిందె ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది. ప్లాంటమ్మ రోజూ ఇంటికి రాగానే మూత తీసి చూసి, నిట్టూర్చి, పడుకునేది.

చలి మొదలయ్యేసరికి పిచ్చుక ముఖం ఉబ్బింది. బుగ్గలే అనుకున్నాం. ముద్దు కూడా చేశాం, మా కళ్ళు కాలిపోను. తర్వాత పాదాలు ఉబ్బాయి, చెప్పులు పట్టలేదు. ఒంటికి పోవడం తగ్గిపోయింది. ఆసుపత్రికి ఎత్తుకెళితే డాక్టరు రిపోర్టు చూసి ప్లాంటమ్మ మీద విరుచుకుపడ్డాడు. "చెప్పాను కదమ్మా ఆ నీళ్ళు వద్దని! మళ్ళీ ఎందుకు పట్టారు?"

"ఈ ఆసుపత్రి నీళ్ళే పడుతున్నాం సార్" అంటూ అత్తవైపు తిరిగింది. ఆ ముసలావిడ చూపు నేలమీద ఉంది. ప్లాంటమ్మకి అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"అత్తా, ఎన్నాళ్ళనుంచి?"

"మోకాళ్ళు లేవట్లేదే. పట్టాలు దాటలేక రెండుసార్లు పడ్డాను. చెబితే పని మానేస్తావని చెప్పలేదు. ఎదురుగానే ప్లాంటుంది కదా అని..." అంతలోనే చివ్వున తలెత్తింది. "నేను తెలిసి చేశానా? నువ్వే కదే ఆయన చేత తాగించావు! అంత పెద్దమనిషి, అందరి ముందూ, రెండు గ్లాసులు. మర్నాడు కూడా తాగాడు. ఆయనకేమీ కాలేదు. నా కళ్ళతో చూశాను. నువ్వు తాగించకపోతే నేను నమ్మేదాన్నా?"

ఆ వరండాలో నేనూ ఉన్నాను. ముసలావిడని తిట్టబోయి ఆగిపోయాను. నా ఇంట్లోనూ అవే నీళ్ళు.

పిచ్చుకని వార్డులో పడుకోబెట్టారు. రోజు మార్చి రోజు మిషను మీద రక్తం కడుగుతున్నారు. కిడ్నీలు పని చేయవు కాబట్టి తాగిన నీళ్ళు బయటికి పోవు, ఊపిరితిత్తుల్లో చేరతాయట. అందుకని రోజుకి ఇంత అని కొలత. నర్సు చిన్న మందు కప్పు ఇచ్చింది. దాంతో పొద్దున్న కొంచెం, సాయంత్రం కొంచెం.

ఈ సంగతి క్లబ్బుకి తెలిసింది. ఆ వారమే ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చాడు. ముఖంలో రక్తం లేదు. ఫొటోగ్రాఫరుని గుమ్మం బయటే ఆపేశాడు, ఆ మాట చెప్పాలి. "ఫిల్టరు మార్చారనుకున్నానమ్మా" అన్నాడు, అంతకన్నా ఏం చెప్పాలో తెలియక. ఏదో ఒకటి చేయకుండా వెళ్ళలేక, పెట్టెలకొద్దీ నీళ్ళ సీసాలు మోయించి మంచం పక్కన పేర్పించి వెళ్ళాడు. ఖరీదైన నీళ్ళు, సీలు వేసినవి.

పిచ్చుక పెదాలు ఎండి పగిలాయి. పక్కకి తిరిగి ఆ సీసాల్నే చూస్తోంది.

"అమ్మా, ఇవి మంచి నీళ్ళేనా?"

"మంచి నీళ్ళే తల్లీ."

"ఫిల్టరు ఉందా?"

"ఉంది."

"మరి తాగనా?"

ప్లాంటమ్మ ఒక సీసా మూత తిప్పి మందు కప్పులో గీత దాకా పోసింది. పిల్ల ఒక్క గుక్కలో తాగేసి, కప్పు నాకి, మళ్ళీ చాపింది. ప్లాంటమ్మ సీసా మూత బిగించింది. పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. నేను ఆ పెట్టెలు ఒక్కొక్కటే లాగి, దానికి కనపడకుండా మంచం కిందికి తోశాను.