కప్పు నిండా

"కోడలా, కప్పులు ఖాళీ!"

అత్తగారి కేకకు సైకాల్ వంటింట్లో ల్యాప్‌టాప్ ముందునుంచి మళ్ళీ లేచింది. ముందుగదిలో అత్తగారు, భర్త ఎర్మెక్, అతని మేనత్త బురుల్ దర్జాగా కూర్చున్నారు. నీళ్ళు కాగే సమోవార్ పక్కన చేరి, చాయ్ కూజాతో ఒక్కో కప్పులో రెండేసి గుక్కలు పోసింది. వాళ్ళ కొండ ఊరు నరీన్‌లో ఏ ఇంట్లోనైనా మర్యాదంటే అదే. కొంచెం పోస్తే ఇంకాసేపు ఉండమని, నిండా పోస్తే ఇక లేవమని. ఈ మర్యాద కనిపెట్టిన మహానుభావుడు జన్మలో ఎవరికీ చాయ్ పోసి ఉండడు.

పెళ్ళికి ముందు ఆమె కొండల్లో మంచు కొలిచే ఆఫీసులో పనిచేసేది. బాబు పుట్టాక ఇంట్లోవాళ్ళు మాన్పించారు. ఈ వేసవిలో నదికి ఎన్ని నీళ్ళొస్తాయో లెక్కగట్టి ఇవాళ సాయంత్రంలోగా పంపితే మళ్ళీ తీసుకుంటామని ఆ ఆఫీసువాళ్ళు నిన్న కబురు చేశారు. అంత లెక్క చేయాలంటే శాస్త్రవేత్తలు వాడే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, అంటే లెక్కల ప్రోగ్రాముల కట్ట, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అదేమో ప్రతిసారీ సగంలో ఆగి పాస్‌వర్డ్ అడుగుతోంది. పాస్‌వర్డ్ ఎర్మెక్‌కే తెలుసు.

"ఏమండీ, ఒక్కసారి వచ్చి పాస్‌వర్డ్ కొడతారా? లెక్కల లైబ్రరీ ఎక్కించాలి."

"పిండిలో ఉప్పెంతో తెలీదు గానీ, నదిలో నీళ్ళెన్నో తేలుస్తుందట!" అంది బురుల్.

"నా కంప్యూటర్‌లో ఏవేవో ఎక్కించకు. రేపు తీరిగ్గా చూద్దాంలే," అన్నాడు ఎర్మెక్.

"సాయంత్రంలోగా పంపాలండీ."

"నదేమన్నా పారిపోతుందా?"

అందరూ పగలబడి నవ్వారు. సైకాల్‌కి ఒళ్ళు మండిపోయింది. తన జీతంతో కొన్న ల్యాప్‌టాప్ అతనిది ఎప్పుడయింది? రేపు ఎవరి తీరిక? వంటింట్లోకి వచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఎవరికోసం ఎక్కించాలి అని తెర మీద మొదటి ప్రశ్న. 'అందరికీ', 'నాకు మాత్రమే'. వేలు దానంతటదే 'అందరికీ' మీదికి పోయింది. పొద్దుటినుంచీ అదే నొక్కుతోంది, కింది వాక్యం చదవకుండానే. రొట్టె చేసినా మాంసం వండినా అందరికీ అయ్యాకే తనకు. చేతికి ఇంకో దారి తెలియదు. ఇప్పుడు చదివింది. ఆ కంప్యూటర్ వాడే అందరికీ అయితేనే పాస్‌వర్డ్ కావాలట. నాకు మాత్రమే అంటే ఎవర్నీ అడగక్కర్లేదట. ఇంతసేపూ లేని తాళానికి తాళంచెవి అడుక్కున్నానా అని సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తేల్చుకునే తీరిక లేదు. 'నాకు మాత్రమే' నొక్కింది. ఏ పాస్‌వర్డూ అడగలేదు. ఎంత ఎక్కిందో చూపే గీత తెర మీద ఆగకుండా చివరిదాకా సాగిపోయింది.

"కోడలా, చెవుడొచ్చిందా?"

వెళ్ళింది. బురుల్ కప్పు అంచుదాకా నింపింది. తర్వాత అత్తగారిది, తర్వాత ఎర్మెక్‌ది.

"చూశావా ఎర్మెక్! నీ పెళ్ళాం మమ్మల్ని లేచి పొమ్మంటోంది!" అంది బురుల్.

"లేదు బురుల్ అత్తయ్యా, మీరు కూర్చోండి," అంది సైకాల్ కూజా కింద పెడుతూ. "లేచి వెళ్ళేది నేను. నది లెక్క మిగిలుంది."