గీతలు గీసే మిషను

కిటికీలోంచి చెయ్యి లోపలికి వచ్చిందంటే కనకవ్వ ముఖం చూడదు. ఆ చేతి గరుకును బట్టే మనిషెవరో పోల్చుకుంటుంది. మొదటి షిఫ్టు వాళ్ళు బొగ్గు బాయిలోకి దిగే వేళ అది. రాత్రంతా ఛార్జింగుకు పెట్టిన తలలైట్లను గూళ్ళలోంచి ఒక్కొక్కటే తీసి ఇస్తూ, "జరుగు కాకా, పెండ్లిచూపులకు వచ్చినవా ఏంది?" అని కసురుతోంది. పొట్టి మనిషి, బొద్దుగా ఉంటుంది. నవ్వితే ముందుపళ్ళ సందు కనిపిస్తుంది. భర్త పోయాక కంపెనీ ఇచ్చిన ఈ కొలువులో ఆమె గురించి చెప్పుకోవలసిన వింత ఏనాడూ జరగలేదు.

ఆ రోజు మాత్రం ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు. తెలంగాణ వచ్చిన సంబురం ఇంకా చల్లారని జూన్ నెల. పది పాసైన కూతురు జమునకు హైదరాబాదులో పెద్ద బడి ఒకటి ఫీజు లేకుండా సీటిచ్చింది. సాయంత్రం రైలుకే ప్రయాణం. అక్కడి పిల్లలందరి దగ్గరా గీతలు గీసే కాల్క్యులేటర్ ఉంటుందట. లెక్క వేస్తే జవాబుతో పాటు దాని గీత కూడా తెర మీద కనిపిస్తుందట. "లేకున్నా నడుస్తది తియ్యమ్మా," అంది జమున. ఆ మాటే కనకవ్వకు ముల్లులా గుచ్చుకుంది. అంతమంది దొరల పిల్లల మధ్య తన బిడ్డ ఒక్కతే తక్కువై కూర్చుంటుందా?

మంచిర్యాల దుకాణంలో చెప్పి తెప్పించింది. ఇంట్లో దాస్తే పిల్ల పసిగడుతుందని సంచిలో వేసుకుని డ్యూటీకి తెచ్చింది. రైలెక్కేటప్పుడు చేతిలో పెట్టాలని ఆశ. మరి సంచిలోనే ఉంచిందా? నలుగురికీ చూపించకపోతే ఆమెకు అన్నం సయించదు. తీసి బల్ల మీద పెట్టింది.

అక్కడే కథ అడ్డం తిరిగింది. బాయిలో గ్యాసు ఉందో లేదో చూసే మీటర్లను కూడా ఆ బల్ల మీదే ఇస్తారు. అవీ చేతిలో పట్టేంత, బొత్తాలతో, చిన్న తెరతో ఉంటాయి. లోపల గ్యాసు చూసుకునే సర్దార్ బుచ్చన్నకు చూపు అంతంతమాత్రం, కళ్ళద్దాలంటే నామోషీ. కొత్త మోడలు వచ్చిందనుకుని, కాల్క్యులేటర్ను నడుముకు దోపుకుని దర్జాగా వెళ్ళిపోయాడు.

బాయి మొగదల సోదా చేసేవాళ్ళు అగ్గిపెట్టెనే పోనివ్వరు. బ్యాటరీ ఉన్న ఊరూ పేరూ లేని వస్తువును పోనిస్తారా? పట్టుకుని అండర్ మేనేజరుకు ఇచ్చారు. ఆయన దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసి, "పైకొచ్చాక చూద్దాం," అని దిగిపోయాడు.

అసలు మీటరు కోసం తిరిగొచ్చిన బుచ్చన్న నోట ఈ సంగతి విని కనకవ్వ గుండెల్లో రాయి పడింది.

"గది మీటరు కాదా చెల్లె?"

"మీటరైతే ముందు నీ తలకాయ కొలిసేదాన్ని! నా బిడ్డకు కొన్నది గది!"

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. షిఫ్టు దిగింది. మనుషులు పైకొచ్చి ల్యాంపులు ఇచ్చి పోతున్నారు. గూడు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. చివరికి అండర్ మేనేజరు గూడు ఒక్కటే మిగిలింది. కనకవ్వ దాని ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. "ఏం తవ్వుతున్నడో లోపట!" అని గొణిగి, వెంటనే చెంపలేసుకుంది. ఒకప్పుడు భర్త కోసం ఇలాగే నిలబడ్డ మనిషి ఆమె. "తప్పయింది సారూ, నిమ్మళంగనే రా."

ఆయన వచ్చాడు. నల్లటి ముఖంలో కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. సొరుగు తెరిచి, "ఇంతకూ ఏంటమ్మా ఇది?" అన్నాడు. దుకాణదారు నేర్పినట్టే కనకవ్వ బొత్తాలు నొక్కింది. తెర మీద ఒక గీత కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది.

"గిన్నె!" అన్నాడు పక్కనే ఉన్న బుచ్చన్న.

అండర్ మేనేజరు పకపకా నవ్వాడు. "ఈ గిన్నె సరిగ్గా గీయలేక నేనెన్ని దెబ్బలు తిన్నానో! తీసుకుపో. మళ్ళీ ఇక్కడికి మాత్రం తేకు."

చేసిన తప్పుకు బుచ్చన్నే బండి తీశాడు. రామగుండం స్టేషనులో, తోడు వెళ్తున్న మేనత్త పూలమ్మ పక్కన జమున ముఖం ముడుచుకుని కూర్చుంది.

"రావేమో అనుకున్ననే అమ్మా."

కనకవ్వ ఆ వస్తువును కూతురి ఒళ్ళో పెట్టింది. జమున చప్పున సంచి తెరిచి, పొద్దున గీసుకున్న గ్రాఫు కాగితం ఒకటి తీసి తల్లికి పట్టుకోమని ఇచ్చి, అదే లెక్కను మిషనులో వేసింది. రెండు చోట్లా ఒకే వంపు.

"నాది కరెక్టే అమ్మా! సూడు!"

కనకవ్వ కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసింది. మిషను గీత మెట్లుమెట్లుగా ఉంది. "నీదే మంచిగున్నది బిడ్డా. దానిది రంపం పండ్ల లెక్క ఉన్నది," అంది. ఇద్దరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. తన పిల్ల ఎవరి ముందూ తక్కువ కాదన్న ధైర్యం అప్పుడు కలిగింది కనకవ్వకు. ఇన్నాళ్ళ ఫికరంతా ఎటుపోయిందో తెలియలేదు.

రైలు వచ్చింది. సామాను, తోపులాట, కిటికీలోంచి ఊగే చెయ్యి. ఈసారి ఆమె ఆ చేతిని కాదు, ముఖాన్నే చూసింది, కనుమరుగయ్యేదాకా.

బెంచీ మీద గ్రాఫు కాగితం మిగిలింది. పెన్సిలు గీత ఎక్కడా తెగకుండా నునుపుగా పైకి పోయింది. అంచున కనకవ్వ బొటనవేలి నల్లటి ముద్ర ఉంది.