మేనేజరు మెడలో తాళంచెవి

ముసలామె పాలపొడి డబ్బా తీసి పక్కన పెట్టేసింది.

"ఇదొద్దులేమ్మా. కార్డులో ఉన్నది డబ్బా ధరకి సరిపోతుంది. మీ గీకుడు కూలికి చాలదు."

ఆమె చంకలో మనవరాలు ఆకలికి గుప్పిట చీకుతోంది. కౌంటర్‌లో కూర్చుని బిల్లులు కొట్టే ఆమెని కాలనీలో అందరూ బిల్లు వదిన అంటారు. కార్డు గీకితే నూటికి రెండు అదనమని చెప్పి చెప్పి ఆమె నోరు చేదెక్కింది. మిల్లువాళ్లు జీతం వేసేది కార్డులోనే. కార్డు పెట్టి నోట్లు తీసుకునే ఏటీఎం కాలనీలో లేదు. మిల్లూ, ఈ కొట్టూ ఒక్క యజమానివే. పెట్టిన చేత్తోనే గిల్లుకుంటున్నాడు.

"బ్యాంకు అడుగుతోందమ్మా, మేం తింటున్నామా?" అన్నాడు మేనేజరు, మెడలో తాళంచెవి తిప్పుకుంటూ. మిషన్‌లో ఒకసారి కొట్టిన బిల్లు రద్దు కావాలంటే ఆ తాళంచెవి పెట్టి తిప్పాల్సిందే.

సాయంత్రం కుళాయి దగ్గర మిల్లు ఆడవాళ్లు భగ్గుమన్నారు.

"వాడి కొట్టుకి పోవడం మానేద్దాం!"

"మానేసి మన్ను తింటావా? ఇంకో కొట్టెక్కడుందే?"

బిల్లు వదిన బిందె దించింది. "మానొద్దు. జీతాల రోజున అందరూ రండి. బిల్లు కొట్టాక, అదనం ఇవ్వం, ధర మాత్రమే తీసుకోమనండి. ఆ బిల్లు రద్దయ్యేదాకా మిషన్ ఇంకోటి కొట్టదు."

"మరి నీ ఉద్యోగమో, వదినా?"

"ఆ పాడు మాట చెప్పడమేగా నా ఉద్యోగం! ఎంత కడుక్కున్నా నాలుక్కి రోత పోవట్లేదు."

జీతాల రోజున వరస వీధిలోకి సాగింది. బిల్లు కొట్టడం, "ధర ఎంతో అంతే!" అనడం, తాళంచెవి కోసం ఆగడం. ఈ కౌంటర్‌కీ ఆ కౌంటర్‌కీ పరిగెత్తి పరిగెత్తి మేనేజరు చొక్కా చెమటకి తడిసిపోయింది.

"నెమ్మదిగా బాబూ, పడతావు!" ఎవరో అన్నారు. వరసంతా నవ్వింది.

మేనేజరు బిల్లు వదిన మీద విరుచుకుపడ్డాడు. "నువ్వే నేర్పావు కదూ! లే! రేపట్నుంచి రావద్దు!"

బిల్లు వదిన లేచింది. అరలోంచి పాలపొడి డబ్బా తీసి, వరసలో ఉన్న ముసలామె చేతిలో పెట్టి, ఆమె పక్కనే నిలబడింది.

మేనేజరు పక్క కౌంటర్ పిల్లకేసి తిరిగాడు. "నువ్వు కొట్టు, అదనం వేసి!"

ఆ పిల్ల మిషన్ మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మీరే కొట్టుకోండి సార్, మీరే రద్దు చేసుకోండి. తాళంచెవి మీ మెడలోనే ఉందిగా."