శుభ్రంగా ఉంది

గోరువెచ్చని నీళ్లు మూడోసారి పుక్కిలించి ఉమ్మేశాక, ఆయన నాలుకను పూర్తిగా బయటికి చాపి గోడ అద్దంలో చూసుకున్నాడు. గులాబీరంగులో, తడిగా, నున్నగా ఉంది. ముప్పై ఏళ్లుగా పచ్చిమిరపకాయ తగలని నాలుక. ఉల్లి, వెల్లుల్లి, పొగలు కక్కే టీ, వేటినీ ఎరగని నాలుక. చూడ్డానికి ఏ లోటూ లేదు. లోటు కంటికి దొరికేదైతే ఇంత గొడవే ఉండేది కాదు.

వంటింట్లో భార్య జావ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. పెళ్లయిన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో పొద్దుటి తిండి ఉప్పు లేని జావే. తక్కిన రెండు పూటలా కూడా కారం గుమ్మం తొక్కదు, ఉప్పు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. భర్త నోరు చెడిపోకూడదని ఆమె కూడా అదే తింది. పక్కింట్లో వేపుడు వాసన వస్తే లేచి కిటికీ మూసేసేది. ఈ రోజు ఎందుకో ఎదురుగా కూర్చుని, ఆయన తింటున్నంతసేపూ రెప్ప వేయకుండా చూసింది.

"ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే. బాగుంది."

ఆమె గిన్నె తీసుకెళ్లింది. గిన్నె తోమే చప్పుడు మాత్రం మామూలు కంటే గట్టిగా వినబడింది.

ఫ్యాక్టరీలో అందరికీ ఆయన నాలుకాయన. అక్కడ తయారయ్యేవి ఖరీదైన సిగార్లు. పెట్టె మీద బంగారు అక్షరాలతో అలాగే రాస్తారు, చేసేవాళ్ల నోట్లో మాత్రం అవి చుట్టలే. ఒక్కో మండె, అంటే ఆకును పోగుపెట్టి నెలల తరబడి మాగబెట్టిన రాశి, చుట్టలై వచ్చాక అందులోంచి మూడు తీసి ఆయన ముందు పెడతారు. కిటికీ పక్కన కుర్చీ, తెల్లగుడ్డ పరిచిన బల్ల, గ్లాసుడు నీళ్లు, ఎండు రొట్టె ముక్క, బూడిద పళ్లెం. చుట్టను వేళ్ల మధ్య దొర్లించి ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ డొల్లగా ఉందో చూస్తాడు. చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కుతాడు. మొన కోసి, అంటించకుండానే ఒక దమ్ము లాగుతాడు. తర్వాత అగ్గిపుల్ల. మొదటి దమ్ము నోట్లో తిప్పి వదిలేస్తాడు, రెండోది ముక్కులోంచి పంపుతాడు, సగం కాలాక మరొకటి, చివర్లో మరొకటి. అన్నీ అయ్యాక ఆయన నోటి నుంచి రెండే మాటలు వస్తాయి: "శుభ్రంగా ఉంది." ఆ రెండు మాటలు పడితే సరుకు బయటికి పోతుంది. పడకపోతే మండెకు మండె చెత్తకుప్పలో పోయాల్సిందే, యజమాని వచ్చి కాళ్లు పట్టుకున్నా సరే. ప్రతి మండెలోంచీ ఒక చుట్ట నమూనాగా ఆయన బీరువాలోని గాజు సీసాలో, తేదీ, తన మాట రాసిన చీటీతో నిలవ ఉంటుంది.

ఆ కుర్చీ ఆయనకు దొరకడం ఓ వింత. వయసులో ఉన్నప్పుడు బస్తాలు మోసే పనికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం మండెల మేస్త్రీ తాగుతున్న చుట్టను సరదాగా అడిగి ఒక్క దమ్ము లాగి, "ఈ ఆకు వానలో తడిసి మళ్లీ ఆరినట్టుందే" అన్నాడు. మేస్త్రీ నోరు తెరిచాడు. ఆ వాన సంగతి మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికప్పుడు చెయ్యి పట్టుకుని ఆఫీసు గదికి లాక్కుపోయాడు. ఆరు నెలలకు తన చెల్లెల్నిచ్చి పెళ్లి కూడా చేశాడు. సంబంధం గురించి పెద్దవాళ్లు నసిగితే, "ఆస్తి లేకపోతేనేం, వీడి నాలుకకి అబద్ధం రాదు" అన్నాడట.

అబద్ధం రాని నాలుక మూడు నెలల కిందట చచ్చిపోయింది.

నాలుగు రోజులు జ్వరం. అయిదోనాడు కుర్చీలో కూర్చుని చుట్ట అంటిస్తే నోట్లోకి వేడి గాలి వచ్చింది, అంతే. జ్వరం నీరసం అనుకున్నాడు. వారం గడిచింది, నెల గడిచింది. ఎవరూ లేనప్పుడు కిరసనాయిలు మూత తీసి పీల్చాడు. సబ్బు బిళ్ల కొరికాడు. తన వెంట్రుకలే నాలుగు కాల్చి ముక్కు కింద పెట్టుకున్నాడు. ఏమీ లేదు. దూరపు వీధిలో కాంపౌండరు ఒకడు, "వస్తే వస్తుంది, లేకపోతే లేదు, దీనికి మందేముంది!" అని చేతులు దులిపేసుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి, భార్య పెరట్లో ఉండగా ఆమె తలగడలో ముఖం దాచుకున్నాడు. ఆమె వాసన కూడా రాలేదు. అప్పుడు మాత్రం కుళ్లి కుళ్లి ఏడ్చాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పోయె, మరి ఆయనెవరు? బస్తాలు మోసే నడుము ఎప్పుడో పోయింది. చీటీ రాసుకునేపాటి అక్షరాలే తప్ప చదువు లేదు. పదిమందిలో ఒకడు కాకుండా ఆయన్ను విడిగా నిలబెట్టింది ఆ నోట్లోని కండముక్క ఒక్కటే. అందుకని బూడిద రంగు చూసి, కాలే తీరు చూసి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు మూడు నెలలుగా "శుభ్రంగా ఉంది" అంటూనే ఉన్నాడు. అయినా మేస్త్రీ బావ కట్టించిన మండె ఎప్పుడు చెడింది గనకా! ఆ ధైర్యం మీదే నెట్టుకొచ్చాడు.

పది గంటలకు మేనేజరు స్వయంగా ఆయన గదిలోకి వచ్చాడు, చేతిలో ఒక పెట్టెతో. ఈ మేనేజరుకి పొగ పడదు. అమృతాంజనం లాంటిదేదో పూసిన చేతిరుమాలు ఎప్పుడూ ముక్కుకి అడ్డంగా ఉంటుంది. చేపలమ్మేవాడికి చేప గిట్టనట్టు. వెనకాలే మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. మనిషి బక్కపలచన, తెల్లజుట్టు, గోళ్లలో తరగని ఆకు మరక.

"పెట్టెలు వెనక్కొచ్చాయండి," అన్నాడు మేనేజరు రుమాల్లోంచి. "మీ సిగార్లు తాగుతుంటే ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టుందని రాశారు. ఫినాయిల్ వాసనట."

ఆ మండె ఏదో చీటీ చూడకుండానే ఆయనకు తెలిసింది. అది మాగుతున్న రోజుల్లోనే, ఎవరో పెద్దమనుషులు ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారని మేనేజరు హడావుడి చేసి గదులన్నీ ఫినాయిల్‌తో కడిగించాడు. ఆకు పక్కన ఏది పెడితే దాని వాసన పీల్చుకుంటుంది, అందుకే అక్కడ ఈ మేనేజరు తప్ప వాసన సబ్బుతో స్నానం చేసి కూడా ఎవరూ రారు. మేస్త్రీ ఆ రోజు మేనేజరుతో పోట్లాడాడు కూడా. తర్వాత ఆ మండె చుట్టలు తనే తెచ్చి బల్ల మీద పెట్టి, "బావా, దీని మీద నాకెందుకో అనుమానంగా ఉంది, కాస్త నిదానంగా చూడు" అన్నాడు. ఆయన నిదానంగానే చూశాడు, బూడిదను. శుభ్రంగా ఉందన్నాడు.

"మీరు చూసి పంపారు కాబట్టి అప్పుడు బాగున్నట్టే," అన్నాడు మేనేజరు. "పెట్టెల గదిలో ఉండగా పట్టిందని నా ఉద్దేశం. అయినా నమూనా ఉందిగా, అది తాగి చెప్పండి. అది బాగుంటే తప్పు పెట్టెల గదిలో జరిగినట్టు."

పెట్టెల గది కూడా మేస్త్రీ చేతికిందే.

ఆయన బీరువా తీశాడు. చుట్ట దొర్లించాడు, మొన కోశాడు, అంటించాడు. చేతులు ముప్పై ఏళ్ల అలవాటు మీద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మొదటి దమ్ము. వేడి గాలి. 'ఒక్కసారి, ఈ ఒక్కసారికి రా తల్లీ' అని లోపల్లోపల మొక్కుకుంటూ రెండోది ముక్కులోంచి పంపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాసన మాత్రం రాలేదు. కళ్లెత్తి చూస్తే పొగ మేస్త్రీ వైపు వెళుతోంది. మేస్త్రీ ముక్కుపుటాలు అదిరాయి. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

ఫినాయిల్ ఉంది. బావ ముఖంలో రాసినంత స్పష్టంగా ఉంది.

ఇప్పుడు చెప్పేయొచ్చు. నోరు తెరిచాడు కూడా. కిటికీ, తెల్లగుడ్డ, గ్లాసు, కుర్చీ చేతుల మీద తన చేతులు అరగదీసిన నునుపు, అన్నీ ఒక్కసారి కళ్లబడ్డాయి.

"శుభ్రంగా ఉంది," అన్నాడు.

మేస్త్రీ జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. దగ్గు బిళ్లల డబ్బా, మూత మీది బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. తన చేతిమీద మొట్టమొదట సరిగ్గా మాగిన ఆకు ముక్క అందులో దాచుకున్నాడు. రోజూ పని మొదలెట్టే ముందు దాన్ని ఒకసారి వాసన చూసి, ఆ గుర్తుతో మండెల దగ్గరికి వెళతాడు. ఇప్పుడు ఆ పొగలోనే మూత తీసి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. మూత పెట్టేశాడు.

"సార్, ఆ పొగలో నాకు ఫినాయిలే కొడుతోంది," అన్నాడు మెల్లగా. "ఆ రోజూ కొట్టింది. ఆయన లేదంటున్నాడంటే లేనట్టే. నా ముక్కు పనైపోయింది."

"అదేంటి మేస్త్రీ..."

"ఇందులోనూ ఏదో తేడాగానే ఉంది సార్. ముక్కు పోయినవాడు మండెల దగ్గరుంటే అందరి నోట్లో మన్నే." నడుముకున్న తాళాల గుత్తి విప్పి తెల్లగుడ్డ మీద పెట్టి, ఆయన భుజం తట్టాడు. "పోయాక కూడా పట్టుకు వేలాడ్డం మర్యాద కాదు, ఏమంటావు బావా?"

ఆయన తాళాల గుత్తిని బల్ల అంచుకి జరిపాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఇంకో ఆరు చుట్టలు తాగాడు, ఆరూ శుభ్రంగానే ఉన్నాయన్నాడు.

సాయంత్రం ఇంటికి వస్తే భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"పొద్దున జావలో చారెడు ఉప్పు వేశాను."

ఆయనకు అర్థం కాలేదు.

"చారెడు. కుక్క కూడా ముట్టదు. మీరు గిన్నె నాకి, బాగుందన్నారు. పోయినవారం విరిగిన పాలు గటగటా తాగారు. అప్పట్నుంచీ చూస్తున్నాను, ఇవాళ చెబుతారు, రేపు చెబుతారని." ఆమె గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. "మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. కూతురి దగ్గరికి పోతున్నాడట, సామానంతా సర్దేసుకున్నాడు. నా ముక్కు పోయింది చెల్లీ, నేనింక ఎందుకూ పనికిరాను అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెప్పాల్సింది మీరని నేను నోరు నొక్కుకున్నాను. ఎవరి ముక్కు పోయిందండీ? వాడిదా?"

"నేను..."

"ముప్పై ఏళ్లు! ముప్పై ఏళ్లు ఈ నాలుక కోసం నేను చప్పిడి కూడు తిన్నాను. నా తోడబుట్టినవాడి గొంతు కోయడానికా దీన్ని పెంచింది?" ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని వీధివైపు చెయ్యి చూపించింది. "ఆరింటికి బస్సు. వెళ్లండి."

ఆయన పరిగెత్తాడు. ఆ వయసులో, ఆ ఊపిరితిత్తులతో పరిగెత్తడం అంటే మాటలా! రెండు చోట్ల గోడ పట్టుకుని నిలబడ్డాడు. బస్టాండుకి చేరేసరికి బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. కిటికీ పక్కన మేస్త్రీ, ఒళ్లో మూట.

"బావా, దిగు. ఫినాయిల్ ఉంది. నమూనాలో ఉంది. నీ ముక్కు బాగానే ఉంది. పోయింది నాది."

మేస్త్రీ కిటికీలోంచి వంగి చూశాడు. ముఖమంతా జాలి.

"ఊరుకో బావా. ఎలా రొప్పుతున్నావో చూడు."

"ఒట్టు! జ్వరం వచ్చినప్పట్నుంచీ నాకేమీ తెలియడం లేదు. అబద్ధం చెప్పాను. అందరికీ అబద్ధం చెప్పాను."

"నా కోసం ఇంత మాటంటున్నావు, చాలు." మేస్త్రీ నవ్వాడు. "నీ నాలుక ఏనాడైనా తప్పిందా? ఆ వాననాడు చూశానుగా. నువ్వు అబద్ధం ఇప్పుడాడుతున్నావు. సరిగ్గా ఆడటం కూడా రావట్లేదు నీకు."

"మీ చెల్లెల్ని అడుగు! ఉప్పు... జావలో ఉప్పు..."

"మేనేజరు దగ్గర ఈ పిచ్చి వాగుడు వాగకు. ఇద్దరం పోతే ఆకుకి దిక్కెవరు?" జేబులోంచి డబ్బా తీసి కిటికీలోంచి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. నాకిప్పుడు ఇందులో రేకు వాసన తప్ప ఏమీ తెలియడం లేదు."

బస్సు కదిలింది. ఆయన పక్కనే కొంతదూరం నడుస్తూ, కిటికీ రేకు మీద అరచేత్తో కొడుతూ ఏదో అరిచాడు. కండక్టరు తప్పుకోమని తిట్టాడు. మేస్త్రీ చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగింది.

ఫ్యాక్టరీ అప్పటికి మూసేశారు. నాలుకాయన అడిగితే కాదనేదేముందని వాచ్‌మన్ తలుపు తీశాడు. ఆయన దీపం వేయలేదు, కిటికీలో ఇంకా వెలుగుంది. ఆ మండె చీటీ వెతికి, తను రాసిన "శుభ్రంగా ఉంది" కొట్టేసి, కింద వంకర అక్షరాలతో రాశాడు: "ఫినాయిల్. మేస్త్రీ ముక్కు మంచిది. నాకు మూడు నెలలుగా ఏ వాసనా తెలియదు." మూడు నెలల్లో తను బయటికి పంపిన మండెల చీటీలన్నీ తీసి పక్కన పేర్చాడు. తర్వాత డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి చాలినంతసేపు పీల్చాడు. కుర్చీని బల్ల కిందికి తోసి, వాచ్‌మన్‌కి వెళ్లొస్తానని చెప్పి బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున ఊడ్చే ఆమె బకెట్టుతో వచ్చి తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది. తేనె కాచినట్టు, పాత చెక్కపెట్టె తెరిచినట్టు, గదంతా ఏదో వాసన. వరండా కడగడానికి తెచ్చిన ఫినాయిల్ బకెట్టును ఆమె వరండా చివరిదాకా తీసుకెళ్లి పెట్టి, వట్టి చేతులతో లోపలికొచ్చింది. తెల్లగుడ్డ మీద, చీటీల పక్కన, మూత తీసిన రేకు డబ్బా ఉంది, అందులో బొటనవేలంత గోధుమరంగు ఆకు ముక్క.