తుంగమడుగు గొంతులు

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆమెను తోటివాళ్లంతా పిట్టలక్క అనేవారు. డ్యూటీకి వచ్చే ముందు ఊరి చివర తుంగమడుగు గట్టున, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మైకు పట్టుకుని పిట్టల కూతలు రికార్డు చేస్తూ కూర్చునేది మరి. పెళ్లీ పిల్లలూ అని ఎవరైనా మాటెత్తితే, "మడుగు నిండా ఉన్నారుగా" అని నవ్వేసేది. తర్వాత ఆ మడుగును పూడ్చేసి ఇళ్లు కట్టారు. పిట్టలు ఎటు పోయాయో ఎవరూ పట్టించుకోలేదు. వాటి గొంతులు మాత్రం ఆమె ఇంట్లో, టీవీ బల్ల కింద, ఒక నల్లటి పెట్టెలో ఉండిపోయాయి.

ఆ పెట్టె తమ్ముడు తెచ్చింది. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు, యంత్రమంటే ప్రాణం పెడతాడు. "రెండు డిస్కులు పెట్టానక్కా. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి పోయినా నీ పిట్టలకేం కాదు" అన్నాడు. ఆ ధీమాతో ఆమె కూతలున్న పాత మెమరీ కార్డులన్నీ తుడిచేసి వేరే పనులకు వాడుకుంది.

ఒక ఆదివారం పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. లోపల గోళ్లతో గీకుతున్నట్టు చప్పుడు. తమ్ముడు ఆఘమేఘాల మీద కొత్త డిస్కు పట్టుకొచ్చి, చెడిపోయినదాన్ని లాగేసి అక్కడ దీన్ని పెట్టాడు. ఏ డిస్కులోంచి ఏ డిస్కులోకి ఎక్కించాలని టీవీ తెర అడిగింది. వాడు రెండూ ఎంచి, సరే అని నొక్కాడు.

"కొత్త గూటికి మారుతున్నాయక్కా. సామాను ఎక్కువ కదా, కాస్త టైం పడుతుంది."

ఇద్దరూ నవ్వుకుంటూ టీ తాగారు. కప్పు కింద పెట్టి మళ్లీ తెర వైపు చూసిన తమ్ముడి మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున తీగ పీకేశాడు.

"తిరగేసి నొక్కానక్కా" అన్నాడు. ఖాళీ డిస్కును తీసుకెళ్లి పిట్టలున్న డిస్కు మీదికి ఎక్కించేశాడు.

డిస్కులు బాగుచేసే ఆయన గది బజారులో, బట్టల కొట్టు పైన ఉంది. ఆయన చెడిపోయిన డిస్కు మూత తీసి ఆమెను దగ్గరికి పిలిచాడు. అద్దంలా ఉండాల్సిన రేకు చుట్టూ గీతలు పడి, మూలల్లో నల్లటి పొడి పేరుకుని ఉంది.

"దీంట్లో ఇక ఏం లేదమ్మా."

"రెండోదాంట్లో?"

"చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది ఏరి ఇస్తాను. ఫైళ్ల పేర్లు వస్తాయి. లోపల ఏముంటుందో నేను చెప్పలేను."

ఆయన ఇచ్చినదాన్ని ఇంటికి తెచ్చి తెరిస్తే పేర్లన్నీ వరసగా కనిపించాయి. నీటికోళ్లు, వాన వెలిశాక. బాతులు, మంచులో. తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. "వచ్చేశాయక్కా" అంటూ ఒకటి నొక్కాడు.

"తూర్పు గట్టు. గాలి లేదు. మంచు పట్టి ఉంది" అని ఆమె గొంతే, పడుచు గొంతు, గుసగుసగా వినిపించింది. అంతలో ఇనుమును బండ మీద ఈడ్చినట్టు ఒకటే రొద. ఇంకొకటి నొక్కాడు. పడమటి గట్టు, సన్నటి జల్లు. మళ్లీ అదే రొద. ఏది తెరిచినా మొదట ఆమె మాట వచ్చింది, దాని వెనక పిట్ట రాలేదు.

తమ్ముడు పని మానేసి అక్కడే తిష్ట వేశాడు. అన్నం ముందు పెడితే అలాగే ఉండిపోయేది.

"చాలురా, ఆపేయ్."

"ఇంకా ఉన్నాయక్కా. ఏదో ఒకటి దొరక్కపోదు."

"దొరకదురా."

వాడు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నన్ను నాలుగు తిట్టక్కా. నీకు పుణ్యముంటుంది."

"తిడితే వస్తాయా?"

ఆమెకు కోపం కూడా రాలేదు. వస్తే బాగుండుననుకుంది.

వాడు ఫోను తీసి రికార్డు మీట నొక్కాడు. "తుంగలో దాక్కునేది, ఆ బూడిదరంగు పిట్ట. దానిలా కూసి నన్ను నవ్వించేదానివి కదా. ఒక్కసారి కూయి. అదైనా దాచుకుందాం."

ఆమె పెదాలు తడుపుకుంది. కూత చివర పైకి లేచేదా, కిందికి జారేదా? మధ్యలో ఆగేదా? పెట్టెలో ఉందిలే అన్న నమ్మకంతో ఇన్నేళ్లూ గుర్తు పెట్టుకోనేలేదు. కళ్లు మూసుకుని ఎంత వెతికినా చెవిలో ఆ ఇనప రొదే గిర్రున తిరిగింది.

"రావట్లేదురా" అంది.

తమ్ముడు ఫోను పట్టుకుని అలాగే ఉన్నాడు. అది ఇంకా రికార్డు అవుతూనే ఉంది.