అందరూ పాసైన పరీక్ష

సైకాలజీ ప్రొఫెసరు కావాలంటే ఏమేం చదవాలని అమ్మ అడిగినప్పుడల్లా వేళ్లు మడిచి చెప్పేదాన్ని: డిగ్రీ, ఎమ్మే, అర్హత పరీక్ష, ఆపైన పీహెచ్‌డీ. "ఆ చివరి వేలు ఎప్పుడు మడుస్తావే?" అనేది అమ్మ. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే.

అమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఆ హోరులో ఉన్నవాళ్లకు జ్ఞాపకశక్తి తగ్గుతుందా అన్నదే నా పరిశోధన. థీసిస్ ఇచ్చే గడువు ఇప్పటికే పొడిగించారు. ఇక పొడిగించరు. ఈ వేసవికి మా గైడు సారు రిటైరవుతున్నారు కూడా. ఫ్యాక్టరీ యజమానిని బతిమాలి, భోజన విరామంలో అమ్మతో పాటు మిషన్ల మీద పనిచేసేవాళ్లకూ, చప్పుడు లేని ప్యాకింగ్ హాల్లో వాళ్లకూ బొమ్మల కార్డులు చూపించాను. కాసేపాగి, చూసినవి చెప్పమన్నాను.

ఫలితాలు చూసి సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్యాకింగ్ వాళ్లు మామూలుగానే ఉన్నారు. మిషన్ల వాళ్లు ఒక్క బొమ్మా వదల్లేదేమ్మా? నాకు పొద్దున తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండి చావదు!"

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కార్డులు నేను దాచిపెట్టింది అమ్మ బీరువాలోనే.

ఇంటికెళ్లి అడిగితే అమ్మ ఏమాత్రం తడబడలేదు.

"నేనే చెప్పాను. ముందే అందరిచేతా వల్లెవేయించాను. మిషన్ మీద కూర్చుని గొడుగు, గంట, నిచ్చెన అనుకుంటూనే ఉన్నారు పాపం."

"ఎందుకమ్మా అలా చేశావు?"

"ఎందుకేంటే? వాళ్లు తప్పు చెబితే మాట పడేది నువ్వు కాదూ? 'వీళ్లమ్మ తెచ్చినవాళ్లంతా మొద్దులే' అనుకోడూ మీ సారు? మా పక్క మిషన్ పొడుగక్కయితే పిల్లి బొమ్మ మర్చిపోతున్నానని టీ మానేసి మరీ కూర్చుంది."

మర్నాడు సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫలితాల కాగితాలు నా వైపు జరిపారు.

"ఇది పనికిరాదమ్మా. దీనిమీద సంతకం పెట్టలేను."

"కొత్తవాళ్లతో మళ్లీ చేస్తాను సార్."

"ఎక్కడ? ఎప్పుడు? అనుమతులు వచ్చేలోపే గడువు అయిపోతుంది." తర్వాత గొంతు తగ్గించి, "ఏదైనా స్కూల్లో కౌన్సెలర్‌ పని చూసుకో. నేనూ ఓ మాట చెబుతాను" అన్నారు.

నేను చెప్పులు విడుస్తుండగానే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అయిపోయిందమ్మా. పీహెచ్‌డీ రాదు. ప్రొఫెసరు ఉద్యోగమూ రాదు."

"అదేంటే! అందరూ అన్నీ కరెక్టుగానే చెప్పారుగా?"

"అందుకే రాదు."

అమ్మ ముఖం పాలిపోయింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"పోనీ, ఇంకొక్కసారి అడగవే మీ సార్ని. ఈసారి నేను దగ్గరుండి అందరిచేతా తప్పులే చెప్పిస్తాను."

నేను వంగి చెప్పులు గోడవారకు సర్దాను. సరేనన్నాననుకుందో ఏమో, ఎవరు ఏ బొమ్మ మర్చిపోవాలో అమ్మ అప్పుడే పైకి అనుకోవడం మొదలుపెట్టింది.