పూటకు ఎన్ని లీటర్లు

పదమూడో ఫోను కూడా అక్కడే తెగింది. రెడ్డెప్ప హెడ్‌ఫోను మెడమీదికి జార్చి, కాగితం మీద ఇంకో గీత గీశాడు.

పుంగనూరు బస్టాండు వెనక మేడమీద గది అది. పశువుకు జబ్బు చేస్తే చుట్టుపక్కల రైతులు అక్కడికి ఫోను చేస్తారు. ఎత్తేది మనిషి కాదు, ఏఐ ఏజెంటు. తెలుగులో మాట్లాడుతుంది. దాని చేతికింద ఆరు టూల్స్ ఉన్నాయి. డాక్టరును పంపేది ఒకటి, మందు చెప్పేది ఒకటి, అలా. ఏది ఎప్పుడు వాడాలో, వాడేముందు ఏం అడగాలో చెబుతూ ప్రతి టూల్‌కూ నాలుగు వాక్యాల వివరణ ఉంటుంది. ఆ వాక్యాల్లో ఎలా ఉంటే ఏజెంటు అలాగే చేస్తుంది. అవి రాయడమే రెడ్డెప్ప ఉద్యోగం.

అరవై రెండేళ్లు. సన్నటి మనిషి. కుడికాలి బొటనవేలు వంకర, ఎప్పుడో ఒక ఎద్దు తొక్కింది. ముప్పై ఒక్క సంవత్సరాలు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ప్రమోషను లేదు, సన్మానం లేదు. ఎవరూ చెప్పకుండా చేసిన పని ఒక్కటే, సీసాలకు చీటీలు అంటించడం. ఎవరో పూతమందును దూడకు తాగించాక, ‘ఇది పూసేది, తాగించేది కాదు, కంట్లో పడనీయొద్దు’ అని సీసా సీసాకూ తన చేత్తో రాసి అంటించాడు. ఆ చీటీల ఫొటో చూసే ఝాన్సీ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. కుప్పంలో ఇంజనీరింగు చదివిన అమ్మాయి. ఏజెంటును తయారుచేసింది ఆమే. గదిలో పక్క బల్ల ఆమెది.

నిన్నటినుంచి పదమూడు ఫోన్లు సగంలో తెగాయి. అన్నీ ఒకే చోట. ఎందుకు?

చివరి ఫోను రికార్డింగు మళ్లీ పెట్టాడు. సోమల దగ్గర పల్లె, పేరు ఈరమ్మ. ఈ పొద్దున ఆరూ పదికి చేసింది.

“సీమావప్పా. ఈని మూడు దినాలాయ. రేత్రినుంచి లెయ్యలేదు. సెవులు సల్లంగా ఉండాయి.”

“పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందమ్మా?” ఏజెంటు మర్యాదగా అడిగింది.

పక్కన ఎవరో మగమనిషి దగ్గాడు.

“పాలదేముండాదిలేప్పా. ముందు ఆవును సూడండి.”

ఏజెంటు మళ్లీ అడిగింది. మూడోసారీ అడిగింది. ఫోను తెగింది.

రెడ్డెప్ప ఆ దగ్గు దగ్గర ఆగాడు. పెరట్లో పరాయి మనిషి ఉన్నాడు. కొత్తగా ఈనిన ఆవు ఎంత ఇస్తుందో పరాయివాళ్ల ముందు నోటితో ఎవరు చెబుతారు? దిష్టి తగలదూ? పాలగిన్నె వీధిలోకి తెస్తే మూతికి గుడ్డ కట్టి తెచ్చే మనుషులు.

ఇది తనకు తెలియనిదా? అన్నేళ్లలో ఒక్కరోజూ ఆ ప్రశ్న అడగలేదు. సర్కారు ఫారంలో మొదటి గడి అదే. పొదుగు చూసి అంచనాగా తనే ఒక అంకె వేసేవాడు. మరి ఏజెంటుకు అడగమని చెప్పిందెవరు?

డాక్టరును పంపే టూల్ తెరిచాడు. మొదటి రెండు వాక్యాలు: ‘పూటకు ఎన్ని లీటర్లో అడుగు. జవాబు రానిదే పంపకు.’

తను రాసినవే. చేసిన పని రాయకుండా, ఫారంలో ఉన్నది రాశాడు.

“ఝాన్సీ, సోమలకు డాక్టర్ని పంపించమ్మా. సెవులు సల్లబడితే ఇంక టైం లేదు.”

ఆమె ఫోను చేసింది. జీపు బయలుదేరింది. రెడ్డెప్ప ఆ వాక్యాలు కొట్టేసి, రెండు వేళ్లతో కొత్తవి టైపు చేశాడు: ‘ఎన్ని లీటర్లని ఎప్పుడూ అడగకు. పాలు నిన్నటికంటే తగ్గాయా అని మాత్రం అడుగు. జవాబు రాకపోయినా, ఆవు లేవలేదన్నా, చెవులు చల్లగా ఉన్నాయన్నా వెంటనే డాక్టరును పంపు.’

ఝాన్సీ వెనక నిలబడి చదివింది. లీటర్ల ప్రశ్న ఉండి తీరాలని పోయిన నెల పట్టుబట్టింది ఆయనే కదా అంది.

“కాగితాన్ని నమ్మి అంటినిమ్మా.”

“మీరు చెప్పింది చెప్పినట్టు చేసింది సార్ అది. మా ఇంట్లో నా మాట అట్ల ఒక్కరూ వినరు.”

రెడ్డెప్ప నవ్వలేదు. అప్పటికే మోపెడ్ తాళం చేతిలో ఉంది.

ఈరమ్మ ఇల్లు చేరేసరికి డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. ఆవుకు ఎక్కించడానికి తెచ్చిన కాల్షియం సీసా సీలు తియ్యకుండా తిరిగి పెట్టెలోకి వెళ్లింది. ఆవు మెడ పక్కకు తిరిగి ఉంది. ఎవరో దానిమీద గోనెపట్ట కప్పారు. దూడ దూరంగా కట్టేసి ఉంది. గోడ అవతల ముగ్గురు నలుగురు నిలబడి చూస్తున్నారు.

రెడ్డెప్ప ఈరమ్మ ఎదుట కూర్చున్నాడు.

“ఆ మాట అడగమని రాసింది నేనేమ్మా.”

ఈరమ్మ ఆయన వైపు చూసింది. తిట్టలేదు.

“ఎనిమిది లీటర్లప్పా, పూటకు.” గోడ అవతలివాళ్లకు కూడా వినపడేలా చెప్పింది. “ఇప్పుడు సెప్తే ఏముండాదిలే.”

జేబులో ఫోను మోగింది, ఝాన్సీ. గుడుపల్లెనుంచి ఒకాయన చేశాడట. పాలు తగ్గాయా అని అడిగిందట ఏజెంటు. నిమిషం కాకముందే అక్కడికి డాక్టరును పంపిందట. ఝాన్సీ గొంతులో సంతోషం.

“సరేమ్మా,” అని పెట్టేశాడు.

గోడవార పాల తపేలా ఉంది. కడిగి, వెల్లకిలా పెట్టారు. మూతికి కట్టే గుడ్డ మడిచి దాని లోపల అడుగున ఉంది.